పిల్లల కథల పుస్తకాలు వేసే పెద్దలకు: దమనకుడి కథ చివర మార్చకండి

తెలుగులో పిల్లల కోసం పాత కథలను తిరగరాసేవారికి, వాటికి బొమ్మలు వేసేవారికి, అచ్చు వేసేవారికి, పాఠాలుగా ఎంచుకునేవారికి నమస్కారాలు.

పంచతంత్రం నుంచీ, దానికి చుట్టాలైన పాత జంతుకథల నుంచీ మీరు కథలు తీసుకుంటున్నారు. సంతోషం. కానీ తీసుకున్న కథకు చివర మార్చవద్దని, ఆ కథను ఎవరు ఎవరికి ఎందుకు చెప్పారన్నది చెరిపేయవద్దని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముఖ్యంగా జిత్తులమారి జంతువుల కథల గురించి నా బాధ. నక్క, కుందేలు, కాకి, పిల్లి, కోతి ఎత్తులు వేసే కథలను ఈమధ్య మరీ మెత్తగా చేసేస్తున్నారు. అలా చేసినప్పుడు పిల్లలకు దక్కకుండా పోతున్నదేమిటో ఒక్కసారి మీ ముందు పెట్టాలని ఉంది.

అందరికీ తెలిసిన కథతోనే మొదలుపెడతాను. రోజుకో జంతువు తన దగ్గరికి రావాలని సింహం అడవి జంతువులతో ఒప్పందం చేసుకుంటుంది. కుందేలు తన వంతు రోజున కావాలనే ఆలస్యంగా వెళ్ళి, దారిలో ఇంకో సింహం అడ్డుకుందని చెప్పి, బావి దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళలో నీడ చూపిస్తుంది. సింహం దూకి చస్తుంది. ‘బుద్ధిర్యస్య బలం తస్య’ అనే శ్లోకం ఈ కథ మీదిదే. బుద్ధి ఉన్నవాడిదే బలం, బుద్ధి లేనివాడికి బలమెక్కడిది, మదించిన సింహాన్ని ఒక కుందేలు పడగొట్టలేదా అని దాని భావం. మన పుస్తకాల్లో దాన్నే కాస్త తేలిక చేసి, కథ కింద ‘కండబలం కంటే బుద్ధిబలం గొప్పది’ అని వేస్తారు.

మూలంలో ఈ కథ చెప్పేదెవరు? దమనకుడు. ఎవరికి చెబుతాడు? తోటి నక్క కరటకుడికి. ఎందుకు చెబుతాడు? ఏ పాపమూ ఎరగని సంజీవకుడనే ఎద్దును, ఆ ఎద్దుకు ప్రాణస్నేహితుడైన సింహం చేతనే చంపించాలని పథకం వేసుకుని, ‘అంత బలవంతుల మధ్య నీ వల్ల ఏమవుతుంది’ అని కరటకుడు సందేహిస్తే, అవుతుందని నమ్మించడానికి చెబుతాడు. దమనకుడి లెక్కలో ఆ కుందేలు తనే! ప్రాణం కాపాడుకోవడానికి ఒక చిన్న జంతువు పన్నిన ఉపాయాన్ని తన ద్రోహానికి అండగా తెచ్చుకుంటున్నాడు. మనం పిల్లలచేత వల్లె వేయిస్తున్న నీతి, ఒక హత్యకు ముందు హంతకుడు తోటివాణ్ణి నమ్మించడానికి అన్న మాట.

నాకు తెలిసినంతలో ఇంతకంటే గొప్ప పాఠం పిల్లల సాహిత్యంలో అరుదు. కథలోని మాట నిజమే, చెప్పేవాడి ఉద్దేశం మాత్రం చెడ్డది. ఈ రెండూ ఒకే చోట ఉండగలవని పన్నెండేళ్ళ పిల్ల గ్రహిస్తే, ఆమె జీవితంలో వినబోయే ఎన్నో ప్రసంగాలను, ప్రకటనలను వేరే చెవితో వింటుంది. కథను విడిగా కత్తిరించి, కింద నీతి అతికించినప్పుడు ఇదంతా పోతుంది.

ఈ కథ ఉన్నది పంచతంత్రంలోని అయిదు తంత్రాల్లో మొదటిదైన మిత్రభేదంలో. దాని మొత్తం తీరును కాస్త గుర్తుచేస్తాను. వర్ధమానుడనే వర్తకుడు మథురకు బండ్లు కట్టుకుని పోతుంటే, యమున ఒడ్డున సంజీవకుడనే ఎద్దు బురదలో దిగబడి కాలు విరిగి పడిపోతుంది. వర్తకుడు వదిలేసి వెళ్ళిపోతాడు. ఎద్దు బతికి, పచ్చిక మేసి, బలిసి, రంకె వేస్తుంది. నీళ్ళు తాగడానికి వచ్చిన పింగళకుడనే సింహం ఆ రంకె విని భయపడి వెనక్కి తగ్గుతుంది. భయపడ్డానని ఎవరికీ తెలియకుండా, మర్రిచెట్టు కింద పరివారాన్ని చుట్టూ పెట్టుకుని కూర్చుంటుంది. దమనక కరటకులు ఒకప్పటి మంత్రి కొడుకులు, పదవి పోయి రాజు తినగా మిగిలింది తిని బతుకుతున్నవాళ్ళు. రాజు భయపడ్డాడని దమనకుడు పసిగడతాడు. అంతే, తలుపు తెరుచుకుంది. రాజు దాచుకున్న భయమే దమనకుడికి చేతికి దొరికిన తాళం. మనకెందుకీ గొడవ అని కరటకుడు ఆపబోతాడు. దుంగలోని చీలను లాగి చచ్చిన కోతి కథ అప్పుడు చెప్పిందే. దమనకుడు వినడు.

మొదట అతను చేసింది మంచి పనే. ఎద్దును తీసుకొచ్చి సింహంతో స్నేహం కలుపుతాడు. ఆ స్నేహం ముదిరి సింహం వేట మానేస్తుంది. పరివారానికి తిండి లేదు. మునుపు రాజు దగ్గర ఉన్న చనువూ లేదు. కలిపినవాడే విడదీయాలనుకుంటాడు. సింహంతో ‘సంజీవకుడు నీ రాజ్యం మీద కన్నేశాడు’ అంటాడు. ఎద్దుతో ‘రాజు నిన్ను చంపి పరివారానికి పెట్టాలనుకుంటున్నాడు’ అంటాడు. అక్కడితో ఆగితే మామూలు చాడీకోరు అయ్యేవాడు. ఎదుటివాడు నిజంగా శత్రువైతే ఎలా కనిపిస్తాడో, ఏయే గుర్తులు చూడాలో ఇద్దరికీ ముందే చెబుతాడు. ఎద్దు బెదురు చూపులతో వస్తుంది, ఎందుకంటే సింహం చంపుతుందని విన్నది. ఆ బెదురు చూపే సింహానికి ద్రోహపు గుర్తు. సింహం ఒళ్ళు బిగించి కూర్చుంటుంది, ఎందుకంటే ఎద్దు మీదపడుతుందని విన్నది. ఆ బిగింపే ఎద్దుకు చావు గుర్తు. ఎవరి కళ్ళతో వాళ్ళు చూసి నిర్ధారించుకున్నారు. పుకారు ఎలా పనిచేస్తుందో ఇంత సూక్ష్మంగా చూపించిన కథనం నేను మరోటి చదవలేదు. సింహం ఎద్దును చంపేస్తుంది. చంపాక ఏడుస్తుంది. దమనకుడే దగ్గర చేరి, రాజన్నవాడు ఇలా చింతించకూడదని ఓదారుస్తాడు. 1199లో పూర్ణభద్రుడనే జైన సాధువు కూర్చిన సంస్కృత పంచతంత్రంలో పింగళకుడు దమనకుణ్ణే మంత్రిగా పెట్టుకుని రాజ్యం చేసుకుంటాడు. అంతటితో మొదటి తంత్రం అయిపోతుంది. నక్కకు శిక్ష లేదు.

ఇప్పుడు మీ పుస్తకాల్లో ఏమవుతోందో మీకు తెలుసు. ఒక దానిలో సింహం, ఎద్దు చివరి నిమిషంలో మాట్లాడుకుని నిజం తెలుసుకుని కౌగిలించుకుంటాయి. ఇంకోదానిలో నక్క పట్టుబడి అడవి వదిలి పారిపోతుంది. రాసినవారి మనసు మంచిదే. పిల్లలు భయపడకూడదని, చెడు గెలిచిందనుకోకూడదని వారి తాపత్రయం. ఆ తాపత్రయాన్ని గౌరవిస్తూనే ఒకటి అడుగుతాను. దమనకుడు పట్టుబడే కథ చదివిన పిల్లవాడికి, పట్టుబడని దమనకుడు ఎదురైనప్పుడు ఏం సాయం చేశాం?

దీనికి మీరొక మంచి జవాబు చెప్పవచ్చు. ఈ చివర మార్చింది మేం మొదటివాళ్ళం కాదు కదా అని. నిజమే. ఈ కథల ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

ఆరో శతాబ్దంలో పారశీక చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ ఆస్థాన వైద్యుడు బుర్జోయ్ ఈ కథలను పహ్లవీ అనే ఆనాటి పారశీక భాషలోకి తెచ్చాడు. ఆ ప్రతి ఇప్పుడు లేదు. దాని నుంచి 750 ప్రాంతంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అరబ్బీలో రాసిన ‘కలీలా వ దిమ్నా’ మాత్రం నిలిచింది. కరటకుడు కలీలా, దమనకుడు దిమ్నా అయ్యారు. అరబ్బీలో ఎద్దు చచ్చాక కథ ఆగదు. దిమ్నా విచారణ అని ఒక కొత్త అధ్యాయం మొదలవుతుంది. దిమ్నాను శిక్షించాల్సిందేనని సింహం తల్లి పట్టుపడుతుంది. దిమ్నాను సభలో నిలబెడతారు. ఇక అక్కడ నక్క వాదన చూడాలి! ముఖలక్షణాలు చూస్తేనే వీడు దోషి అని తెలిసిపోతుందని సభలో ఒకడు అంటాడు. ఒంటి మీది గుర్తులే మనిషి చేత మంచీ చెడూ చేయిస్తే, ఇక మంచి చేసినవాడికి మెప్పెందుకు, చెడు చేసినవాడికి శిక్షెందుకు అని దిమ్నా నిలదీస్తాడు. అతను దోషే. అయినా ఆ వాదన సరైనదే. ఒక్కరి సాక్ష్యం చాలదు కాబట్టి, రెండో సాక్షి కూడా నోరు విప్పాకే సింహం శిక్ష వేస్తుంది.

ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేసింది ఇది. నేరం చేసినవాడు తప్పించుకోవడం ఆయనకు నచ్చలేదేమో. కానీ పాత కథ ముగింపును చెరపలేదు. ఎద్దు చచ్చింది చచ్చినట్టే ఉంది. నక్క గెలుపు గెలుపుగానే ఉంది. దాని తరువాత న్యాయం ఎలా జరగాలన్న ప్రశ్నకు పూర్తి అధ్యాయం ఇచ్చాడు. ముద్దాయికి నోరిచ్చాడు, సాక్ష్యం ఎంత ఉండాలో చెప్పాడు, చూపులను బట్టి తీర్పు చెప్పకూడదని ముద్దాయి నోటితోనే అనిపించాడు. రాజుల కొలువులో లేఖకుడిగా బతికిన ఆయనను చివరికి ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో అధికారులే చంపించారు. కొలువు అంటే ఏమిటో తెలిసిన మనిషి రాసిన అధ్యాయమది. మీలో ఎవరైనా దమనకుణ్ణి శిక్షించాలనుకుంటే ఇంత కష్టపడి శిక్షించండి, నేను నెత్తిన పెట్టుకుంటాను. ఒక్క వాక్యంలో అడవి నుంచి తరిమేయడం శిక్ష కాదు.

ఆ అరబ్బీ పుస్తకం నుంచే కథలు లోకమంతా తిరిగాయి. పదకొండో శతాబ్దంలో గ్రీకులోకి, 1251లో స్పానిష్‌లోకి, హీబ్రూ మీదుగా పదమూడో శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్ళాయి. మన దమనకుడు యూరప్ చేరేసరికి అక్కడ అప్పటికే ఒక సొంత నక్క కొలువు తీరి ఉంది. ఫ్రెంచిలో రెనార్, డచ్చిలో రేనార్ట్, ఇంగ్లీషులో రెనార్డ్. 1148 ప్రాంతంలో రాసిన ఒక లాటిన్ కావ్యంలో ఈ నక్క తోడేలును చలికాలంలో గడ్డకట్టిన నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, తోకతో చేపలు పట్టమంటుంది. ఎంతసేపు కూర్చుంటే అన్ని చేపలు అంటుంది. మంచు బిగుసుకుంటుంది, తోక ఇరుక్కుంటుంది, ఊరివాళ్ళు కర్రలతో వస్తారు. 1170 తరువాత ఫ్రెంచిలో ఒకరి తరువాత ఒకరు కవులు ఈ నక్క కథలకు కొమ్మలు చేరుస్తూ పోయారు. వాటిలో ఒకచోట నక్క బావిలో బాల్చీలో చిక్కుకుంటుంది. పైనుంచి తొంగిచూసిన తోడేలుతో ‘నేను చచ్చి స్వర్గంలో ఉన్నాను, ఇక్కడ తిండికి లోటు లేదు, నువ్వూ రా’ అంటుంది. తోడేలు రెండో బాల్చీలో కూర్చుని దిగుతుంటే, ఆ బరువుకు నక్క బాల్చీ పైకి వస్తుంది. ఈ కథ చెబితే, ఆదివారాలు నా దగ్గర కథలు వినే పిల్లలు గిలక, తాడు, బాల్చీలు బొమ్మ గీసి ఎవరు ఎందుకు పైకొచ్చారో తేల్చుకునేదాకా నన్ను ఇంటికి వెళ్ళనివ్వలేదు.

పదమూడో శతాబ్దపు డచ్చి కావ్యంలో రేనార్ట్ కథ చదివితే పంచతంత్రం తెలిసినవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. సింహరాజు నోబెల్ సభ తీరుస్తాడు. అందరూ వస్తారు, నక్క రాదు. తోడేలు ఫిర్యాదు చేస్తుంది. నక్క చంపిన తన కూతురి శవాన్ని పాడె మీద మోయించుకుని కోడిపుంజు వస్తుంది. నక్కను పిలుచుకురమ్మని రాజు ఎలుగుబంటిని పంపుతాడు. తేనె ఉందని నక్క ఆశపెడితే ఎలుగు చీలిన దుంగలో తలపెట్టి ఇరుక్కుంటుంది. తరువాత పిల్లి వెళ్తుంది. ఎలుకలున్నాయని చెబితే మతగురువు ధాన్యపు కొట్టంలో ఉచ్చులో పడుతుంది. చివరికి బంధువైన ఒక జంతువు వెంట నక్క తానే సభకు వస్తుంది. ఉరిశిక్ష పడుతుంది. ఉరికొయ్య కింద నిలబడి నక్క, తన తండ్రి దాచిన లంకెబిందెల గురించీ, ఎలుగూ తోడేలూ కలిసి రాజును చంపడానికి పన్నిన కుట్ర గురించీ కల్లబొల్లి కథ అల్లుతుంది. రాజుకు ఆశ పుడుతుంది, నక్కను వదిలేస్తాడు. ఎలుగు వీపు మీది తోలు కోసి నక్కకు యాత్రికుడి సంచి కుట్టించి ఇస్తారు. పాపపరిహారానికి తీర్థయాత్ర వెళ్తానని బయలుదేరిన నక్క, సాగనంపడానికి వచ్చిన కుందేలును చంపి, దాని తలను అదే సంచిలో పెట్టి పొట్టేలు చేత రాజుకు పంపిస్తుంది. రాజుకు అప్పుడు గాని కళ్ళు తెరుచుకోవు. అప్పటికి నక్క పెళ్ళాంపిల్లలతో ఎటో వెళ్ళిపోయింది.

భయంకరంగా ఉంది కదూ. కానీ చూడండి, ఈ కథలో మోసపోయినవాళ్ళలో ఎక్కువమంది తమ ఆశ వల్లే మోసపోయారు. ఎలుగుకు తేనె, పిల్లికి ఎలుకలు, రాజుకు నిధి. నక్క దగ్గర ఉన్న విద్య ఒకటే, ఎదుటివాడికి ఏం కావాలో పట్టుకోవడం. పింగళకుడి దగ్గర దమనకుడు పట్టుకున్నది భయం, నోబెల్ దగ్గర రేనార్ట్ పట్టుకున్నది ఆశ. ఏమీ ఆశించని కుందేలు మాత్రం అమాయకంగా చచ్చింది. ఆ కుందేలు చావును కథ దాచదు, సమర్థించదు కూడా. విలియం కాక్స్‌టన్ 1481లో ఈ కథను ఇంగ్లీషులో అచ్చువేశాడు. ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టిన కొత్తలోనే ఆయన ఎంచుకున్న పుస్తకాల్లో జిత్తులమారి నక్క ఒకటి.

దొంగ సన్యాసి కథ చెప్పకుండా ఉండలేను. పంచతంత్రం మూడో తంత్రంలో చెట్టు తొర్ర కోసం కపింజలమనే పక్షి, ఒక కుందేలు తగవులాడుకుంటాయి. తీర్పు కోసం నది ఒడ్డున చేతులెత్తి సూర్యుణ్ణి చూస్తూ తపస్సు చేస్తున్న పిల్లి దగ్గరికి వెళ్తాయి. దాని పేరు దధికర్ణుడు. అహింస గురించి మంచి శ్లోకాలు చెబుతుంది. ‘ముసలిదాన్ని, చెవులు సరిగా వినబడవు, దగ్గరికొచ్చి చెప్పండి’ అంటుంది. రెండూ చెవి దగ్గరికి వెళ్తాయి. ఒకదాన్ని పంజాతో, ఒకదాన్ని పళ్ళతో పట్టేస్తుంది. మహాబలిపురంలో ఏడో శతాబ్దపు పెద్ద శిల్పఫలకం ఉంది, అర్జునుడి తపస్సు అంటారు, గంగావతరణం అని కూడా అంటారు. దానిలో ఏనుగుల పక్కన వెనక కాళ్ళ మీద నిలబడి చేతులెత్తిన పిల్లి, చుట్టూ ఎలుకలు. రాతిలో నిజమైన తాపసులను చెక్కిన చేతులే వారి దగ్గరలో దొంగ తాపసిని చెక్కాయి. ఇంగ్లండులో రిపన్, బెవర్లీ చర్చిల్లో గాయకబృందపు చెక్క ఆసనాల అడుగున ఇలాంటి బొమ్మలే ఉన్నాయి. పదిహేనో శతాబ్దం చివర, పదహారో శతాబ్దం మొదట్లో చెక్కినవి. నక్క ప్రసంగ వేదిక ఎక్కి పెద్దబాతులకు ధర్మబోధ చేస్తుంటుంది. మతగురువులు కూర్చునే ఆసనాల కిందే అవి ఉన్నాయి! తమ మీద వేసిన ఆ ఎత్తిపొడుపును వాళ్ళు సహించారు, రోజూ దాని మీదే కూర్చుని ప్రార్థన చేశారు. మనకూ కొంగజపం, నక్కవినయం అనే మాటలు ఉండనే ఉన్నాయి. మహాబలిపురానికి విహారయాత్ర వెళ్ళే మన పిల్లలకు ఆ పిల్లిని చూపించి ఈ కథ చెప్పేవాళ్ళు ఎంతమంది? మీ పుస్తకంలో ఆ శిల్పం ఫోటో ఒక్కటి పెట్టండి.

ఇదంతా చదివి, నేను పిల్లలకు ద్రోహాలే నేర్పమంటున్నానని అనుకోకండి. జిత్తులు చెడ్డవాళ్ళ సొత్తు అనే భావం మీ పుస్తకాల వల్లే పిల్లలకు వస్తోందని నా ఫిర్యాదు. ఎప్పుడూ నక్క చెడ్డది, కుందేలు మంచిది, కథ ఏదైనా సరే. పాత కథల్లో అలా లేదు. చంద్రసరస్సు దగ్గర ఏనుగుల గుంపు నీళ్ళకు వస్తూ కుందేళ్ళను తొక్కేస్తుంటే, ఒక కుందేలు తాను చంద్రుడి దూతనని చెప్పి, నీళ్ళలో వణుకుతున్న చంద్రబింబాన్ని చూపించి, చంద్రుడు కోపంతో వణికిపోతున్నాడని ఏనుగుల రాజును నమ్మిస్తుంది. ఏనుగు దండం పెట్టి వెళ్ళిపోతుంది. కుందేలు ఆడింది పచ్చి అబద్ధం. ఆ ఉపాయం వల్ల ఎవరూ చావలేదు, ఎందరో బతికారు. ఇది తప్పా? మా పిల్లలు దీని మీద గంటసేపు పోట్లాడుకున్నారు, నేను ఏ పక్షమూ చెప్పలేదు.

కాకులు, గుడ్లగూబల తంత్రంలో స్థిరజీవి అనే ముసలి కాకి తనవాళ్ళ చేతనే ఈకలు పీకించుకుని, గాయపడ్డట్టు పడి ఉండి, గుడ్లగూబల శరణు కోరుతుంది. వాళ్ళ గుహ వాకిట్లో గూడు కట్టుకునే నెపంతో పుల్లలు పోగుచేస్తుంది. పగటిపూట వాటికి కళ్ళు కనబడవు. ఒకరోజు తన రాజును పిలిచి నిప్పు పెట్టిస్తుంది. ‘ఈ కాకిని నమ్మకండి, చంపేయండి’ అని మొదటినుంచీ మొత్తుకున్న రక్తాక్షుడనే గుడ్లగూబ మంత్రి, తన మాట వినలేదని తనవాళ్ళతో ముందే వెళ్ళిపోయి బతుకుతాడు. స్థిరజీవిని మనం వీరుడంటాం, దమనకుణ్ణి ద్రోహి అంటాం. చేసిన పని చూస్తే రెండింటికీ ఒకే కొలిమి. ఎవరి కోసం చేశారు, ఎవరు చచ్చారు అన్నదే తేడా. ఆ తేడాను పిల్లలే వెతుక్కోవాలి. దానికి రెండు కథలూ వారి ముందు ఉండాలి, రెండూ చివరిదాకా ఉండాలి.

చావులు చిన్నపిల్లలకు పనికిరావు అంటారు. ఈమధ్య ఒక బొమ్మల పుస్తకంలో సింహం బావిలో నీడ చూసుకుని సిగ్గుపడి, ఇక ఎవరినీ తిననని కుందేలుకు మాట ఇచ్చింది. ఆదివారం కథలు వినడానికి వచ్చే పిల్లలకు అదే చదివాను. రెండో తరగతి పిల్ల, ‘మరి రేపటినుంచి సింహం ఏం తింటుంది టీచర్?’ అని అడిగింది. ఏడేళ్ళ పిల్లకు సింహం గడ్డి తినదని తెలుసు. మార్చిన కథ ఆమెను భయం నుంచి కాపాడలేదు, కథ చెప్పేవాళ్ళ మీద నమ్మకాన్ని కాస్త తగ్గించింది. నిజంగానే వయసు చాలదనిపిస్తే ఆ కథ వదిలేయండి, ఇంకోటి ఎంచుకోండి. చంద్రసరస్సు కథ ఉంది. గుండె నేరేడుచెట్టు మీదే మరిచిపోయానని మొసలిని నమ్మించి ఒడ్డుకు దూకిన కోతి కథ ఉంది. బాల్చీల కథ ఉంది. ఏ వయసుకు ఏ కథ అన్నది మీ చేతిలో పని. కథను కోయడం మాత్రం వద్దు.

ఇక కథ కింద రంగు గడిలో వేసే నీతి. ఏడు చేపల కథ తెలియని తెలుగు ఇల్లుందా? చేప ఎందుకు ఎండలేదని మొదలై, గడ్డిమోపును, ఆవును, గొల్లవాణ్ణి అడుగుతూ పోయి, చివరికి చీమ దగ్గరికి వస్తుంది. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది చీమ. దాని కింద ఏ అమ్మమ్మా నీతి చెప్పలేదు. పిల్లలు తరాలుగా నవ్వుతూ చెప్పుకుంటున్నారు. పంచతంత్రంలో నీతులు లేవని కాదు, శ్లోకాల నిండా అవే. కానీ వాటిని పలికేది కథలోని పాత్రలు. ఎవరి అవసరం కొద్దీ వాళ్ళు పలుకుతారు, ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. కరటకుడు వద్దంటూ ఒక నీతి చెబితే, దమనకుడు చేస్తానంటూ ఇంకో నీతి చెబుతాడు. మీరు ఆ గడిలో సంపాదకుడి గొంతుతో ఒకే తీర్పు రాసినప్పుడు, ఆ వాదులాట అంతా మూసేస్తున్నారు. నీతికి బదులు ‘ఈ కథ చెప్పింది దమనకుడు, కరటకుణ్ణి ఒప్పించడానికి చెప్పాడు’ అని ఒక్క వాక్యం వేయండి. అంతకంటే పెద్ద ఖర్చేమీ కాదు.

ఇది పిల్లలకు బరువైపోతుందన్న అనుమానం ఉంటే మన పాత పుస్తకాలే చూడండి. పదిహేనో శతాబ్దంలోనే దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడైన పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను విద్యార్థుల కోసమే వచనంలో రాశాడు. మిత్రలాభం, మిత్రభేదం రెండూ ఉన్నాయి. దానిలో కథలో కథ, మాటకు ఎదురుమాట అలాగే నడుస్తాయి. ఆ గ్రాంథికం ఇప్పటి పిల్లలకు కష్టమే, దాన్ని అలాగే చదివించమని నేను అడగడం లేదు. కానీ నూట డెబ్బై ఏళ్ళ కింద ఒక పాఠ్యపుస్తక రచయిత పిల్లల తెలివిని నమ్మాడు. ఆ నమ్మకం ఇప్పుడు మనకు ఎందుకు తగ్గాలి?

బొమ్మలు వేసేవారికి విడిగా ఒక మాట. దమనకుణ్ణి ఎర్రటి బొచ్చుతో, తెల్లటి తోక కొసతో గీస్తున్నారు. అది యూరప్ అడవుల్లోని నక్క, రేనార్ట్ రూపం. మన పొలాల గట్ల మీద రాత్రుళ్ళు కూసే నక్కది దుమ్ము పట్టిన పసుపు, వీపు మీద నలుపూ తెలుపూ కలిసిన బొచ్చు. పెద్ద జంతువు చంపి వదిలింది తినడానికి వెంట వెంట తిరిగే అలవాటు దానిది. పదవి పోయి రాజు ఎంగిలి తిని బతికే మంత్రి కొడుకులుగా పాత కవి దాన్ని ఊరికే ఎంచుకోలేదు. ఆ నక్కను గీయండి, పిల్లలు తమ ఊరి కథ అనుకుంటారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో పాఠాలు ఎంచుకునే పెద్దలకు నా చివరి విన్నపం. ఆరు నుంచి తొమ్మిదో తరగతి లోపు ఏదో ఒక ఏడాది మిత్రభేదాన్ని సంజీవకుడు బురదలో పడిన దగ్గర్నుంచి పింగళకుడు ఏడ్చేదాకా, సరళమైన తెలుగులో, ఒకే ఉపవాచకంగా పెట్టండి. దాని వెనకే దిమ్నా విచారణను అరబ్బీ నుంచి తెలుగు చేయించి చేర్చండి. తరగతిలో పిల్లలు ఒకరు దమనకుడై, ఒకరు సింహం తల్లై, ఒకరు సాక్షియై ఆ సభను నడిపిస్తారు. తీర్పు ఏమివ్వాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

ఇట్లు,
ఆదివారాలు పిల్లలకు కథలు చదివి వినిపించే ఒక తెలుగు టీచరు